తాబేలుకు దగ్గు పట్టిన చలికాలం

మా కోడలు పోయిన వారం ఇంట్లోకి ఒక తాబేలును తెచ్చింది. ఇత్తడిది. దాన్ని ఒక పళ్లెంలో కూర్చోబెట్టి, మెడ దాకా నీళ్లు పోసి, మూతి ఉత్తరం వైపు తిప్పి, హాలులో టీవీ పక్కన పెట్టింది. పైన చిన్న లైటు కూడా బిగించింది. ఇట్లా పెడితే ఇంటికి కలిసొస్తుందని వాస్తు చెప్పే ఆయన అన్నాడట. ఆయన మా ఇల్లు ఎన్నడూ చూడలేదు, చూడనక్కర లేదట, ఫోటోలు పంపితే చాలట. "చలికాలం వస్తోంది గదా బిడ్డా, దానికి వేన్నీళ్లు పొయ్యాలేమో కనుక్కో" అన్నాను. వేరేవాళ్లయితే ముసలిదానికి వెటకారం ఎక్కువైందని నవ్వి ఊరుకునేవారు. మా కోడలు మంచిది, నిజంగానే ఫోను చేసి కనుక్కుంది. అవసరం లేదన్నాడట. చలికాలంలో తాబేలుతో పడే బాధ ఇత్తడి తాబేలైతే ఎంత తక్కువో నాకు అప్పుడు తెలిసింది.

మా నాయనమ్మ బతికి ఉండి ఈ సంగతి వింటే ఆ పళ్లేన్ని, ఆ లైటును, ఆ వాస్తు ఆయనను కలిపి ఒకే చీపురుతో వాకిట్లోకి నెట్టేది. చెన్నూరు పక్కన, గోదావరి గాలి తగిలే పల్లె మాది. తాబేలు ఇంట్లోకి వస్తే ఆ ఇల్లు పాడుపడుతుందని మా ఊళ్లో అందరికీ తెలుసు. ఎట్లా తెలుసని అడిగితే పక్క ఊరి వైపు చెయ్యి చూపేవారు, అక్కడ ఎవరి ఇల్లో అట్లాగే పాడుపడిందని. ఆ పక్క ఊరికి పోతే వాళ్లు మా ఊరి వైపు చూపేవారు. మా నాయనమ్మకు ఇట్లాంటి సంగతులు చాలా తెలుసు. ఏ వారం ఎవరు ఎటు పోవద్దో, పిల్లి ఏ పక్క నుంచి అడ్డం వస్తే బయలుదేరిన మనిషి ఎంతసేపు కూర్చుని నీళ్లు తాగి లేవాలో, ఉప్పుకుండ ఏ మూల ఉండాలో, అన్నీ ఆమే చెప్పేది. ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. చెప్పినా ఆమె వినేది కాదు కాబట్టి రెండూ ఒకటే.

తాత సంగతి వేరు. నా చిన్నప్పుడు, మా ఇంటికి నిజం తాబేలు వచ్చిన ఏడే, ఆయన వ్యవసాయాన్ని మా బాపుకు, అంటే మా నాన్నకు, అప్పజెప్పాడు. అప్పజెప్పాడు అనడం మర్యాద కోసం. నిజానికి దసరా పోయిన తర్వాత ఏ మడిలో ఏం వెయ్యాలో బాపు తనే చెప్పడం మొదలుపెట్టాడు, జీతగాడు మల్లయ్య బాపు మాటే వినడం మొదలుపెట్టాడు, అంతే. పండుగ లేదు, చెప్పడం లేదు, ఒకరోజు పొద్దున లేచేసరికి తాతకు పని లేకుండా పోయింది. అలవాటు కొద్దీ ముల్లుగర్ర పట్టుకుని పొలం దాకా నడిచేవాడు. ఒడ్డు మీద కాసేపు నిలబడేవాడు. ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని చూసేవాడు. అడగకపోతే గొంతు సవరించుకుని, అసలు తను గాలి కోసమే వచ్చినట్టు ఆకాశం వైపు చూసి, తిరిగి ఇంటికొచ్చేవాడు. మా అవ్వ, మా వైపు కన్నతల్లిని అవ్వ అంటాం, ఆయన వచ్చే వేళకు చెంబుతో నీళ్లు పెట్టి ఉంచేది. పొలం పనుల్లో ఆలస్యమైనట్టు నటిస్తూ ఆయన తాగేవాడు.

అట్లా పోయిన ఒకరోజే తాబేలును తెచ్చాడు. అడవి అంచున ఎవరో పొదలు కొట్టి తగలబెడుతుంటే ఆ పొగలోంచి పడుతూ లేస్తూ వస్తున్నదట. నల్లని చిప్ప మీద పసుపు రంగు గీతలు, చూస్తే ఎవరో కూర్చుని ముగ్గు వేసినట్టు ఉండేది. ఒక పక్క మాడింది. తాత తల రుమాలు విప్పి, అందులో మూట కట్టుకుని, పట్నం నుంచి అల్లుణ్ణి తెచ్చినంత మురిపెంగా తెచ్చాడు. నేను ఎగురుకుంటూ ఎదురుపోయాను. గడప దగ్గర నాయనమ్మ కూడా ఎదురొచ్చింది, ఎగరకుండా.

"గిదేంది?" అన్నది.

"తాబేలు."

"నాకు కండ్లు లేవా? ఎటు తీస్కపోతున్నవు?"

"ఇంట్లకు."

నాయనమ్మ రెండు చేతులూ చాపి దర్వాజకు అడ్డం నిలబడింది. "అది లోపటికి వచ్చిందంటే ఇల్లు మునుగుతది. పో, చెరువుకాడ ఇడిసిపెట్టిరా."

"కూర్మావతారం అని గుడిల చెంపలేసుకుంటవు. ఇంటికొస్తే ఎల్లగొడ్తవా?"

"దేవుడు గుడిల ఉంటడు. మీ ఇంటికొస్త అని ఆయన ఎన్నడన్న అన్నడా?"

ఈ ప్రశ్నకు పెద్ద పెద్ద పండితులు కూడా జవాబు చెప్పలేరు. తాత పండితుడు కాదు. ఆయన వెనక్కి తిరిగి బాపు వైపు చూశాడు. బాపు ఎడ్లకు గడ్డి వేస్తూ, తల ఎత్తకుండానే, "ఇడిసిపెట్టరాదు నాయినా, అవ్వ అంటున్నది గదా" అన్నాడు. తాత తాబేలును తెచ్చి అరుగు మీద పెట్టి, పక్కన తనూ కూర్చున్నాడు. "నేను తెచ్చినదానికి ఈ ఇంట్ల జాగ లేకపోతే నాకు గూడ లేదు. నన్ను లోపటికి పిలువాల్నంటే దాన్ని గూడ పిలువాలె" అన్నాడు.

"ఎవల్ పిలుస్తరో సూస్త" అని నాయనమ్మ లోపలికి పోయింది. వాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకున్న మాటల్లో చాలా కాలం వరకు ఇవే చివరివి. గొడవ తాబేలు గురించి కాదని చిన్నపిల్లనైన నాకే అర్థమైంది. అంతకాలం ఇల్లు నడిపిన మనిషి, తన మాట ఇంకా ఆ ఇంట్లో చెల్లుతుందా లేదా అని గడప అవతల కూర్చుని చూస్తున్నాడు. తాబేలుకు ఆ సంగతి తెలియదు. అది నేనిచ్చిన బచ్చలాకు తింటున్నది.

మా వైపు చలి గురించి కింది జిల్లాల వాళ్లకు చెబితే నమ్మరు. పొద్దున బానలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోయేవి. వంటింట్లో కొబ్బరినూనె సీసాలోనే గడ్డకట్టేది, పొయ్యి పక్కన పెడితే గాని తలకు రాసుకోవడానికి వచ్చేది కాదు. గోదావరి మీది నుంచి వచ్చే గాలి తడికెలోంచి దూరి ఎముకల్ని వెతుక్కునేది. తాతకు దమ్ము, అదే ఉబ్బసం. మంచులో పడుకోవద్దని, పడుకుంటే ఈ ఏడు గట్టెక్కడం కష్టమని ఊరి వైద్యుడు అంతకుముందే చెప్పి ఉన్నాడు. అట్లాంటి మనిషి కార్తీకం దాటినా అరుగు మీదే నులకమంచం వేయించుకున్నాడు. పక్కన గంపలో వరిగడ్డి, గడ్డిలో తాబేలు, దాని మీద తన గొంగడి. ఉన్నది ఒక్క గొంగడే. తాబేలు గొంగడిలో, తాత ధోతిలో. బాపు రెండుసార్లు పోయి "లోపటికి రా నాయినా" అని బతిమాలాడు. "ఒక్కణ్ణేనా, ఇద్దర్నా?" అని అడిగేవాడు తాత. బాపు తలుపు వైపు చూసేవాడు. తలుపు వెనకాల నాయనమ్మ గాజులు చప్పుడయ్యేవి. బాపు తిరిగి వచ్చేసేవాడు.

ఇప్పుడు మా ఇంట్లో నా కొడుకూ కోడలూ అలిగితే ఒక గదిలోంచి ఇంకో గదికి ఫోనులో మెసేజీలు పెట్టుకుంటారు. ఆ రోజుల్లో ఆ ఫోను నేను. "మీ తాతకు చెప్పు, అన్నం అయిందని." "మీ నాయినమ్మకు చెప్పు, ఇన్ననని." తాత అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండేవాడు. అయినా నేను పోయి ప్రతి మాటా మళ్లీ చెప్పాల్సిందే, చెప్పకపోతే విననట్టే. కాళ్లు నొప్పి పెట్టిన రోజుల్లో మధ్యలో నిలబడి రెండు వైపులా తల తిప్పేదాన్ని. ఎవరూ నాకు జీతం ఇవ్వలేదు.

గొంగడి తాబేలు మీద ఉందని, ముసలాయన వణుకుతున్నాడని నాయనమ్మ తలుపు సందులోంచి చూసింది. మరునాడు పొద్దుగూకక ముందే తన పాతచీరలతో కుట్టుకున్న పెద్ద బొంత తెచ్చి నా చేతుల మీద వేసింది. నేను ఆ బరువుకు కూలబడ్డాను. "తాబేలుకు కప్పిరా" అన్నది.

"తాబేలుకు గింత పెద్ద బొంతెందుకు నాయినమ్మా?"

"పెరుగుతదేమో. నీకెందుకు? కప్పుమంటే కప్పు."

తాత బొంతను తాబేలు మీద కప్పబోయాడు. గంప పూర్తిగా మాయమై, ఇంకా మంచానికి సరిపోయేంత మిగిలింది. "మిగిలింది ఊకెనే పాడైతది" అని తను కప్పుకున్నాడు. ఇక అప్పటి నుంచి తాబేలు అవసరాలు పెరుగుతూ పోయాయి. దానికి వేడి వేడి జొన్నరొట్టె కావలసి వచ్చింది. దానికి నెయ్యి వేసిన ఉలవచారు కావలసి వచ్చింది. తలకు కట్టుకునే ఉన్ని మఫ్లరు కావలసి వచ్చింది, తాబేలు తల ఎంత ఉంటుందో మీకు తెలుసు. ఒకరోజు పొద్దున అరుగు మీద నుంచి దగ్గు వినిపించింది. లోపలి నుంచి లేవని దగ్గు, విడవని దగ్గు. నాయనమ్మ పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఆగిపోయి వింది. తర్వాత లేచి మిరియాలు, శొంఠి దంచింది. "తాబేలుకు దగ్గు పట్టింది" అని నాకు గిన్నె ఇచ్చింది. "మొత్తం తాగినంకనే గిన్నె తీస్కరా."

తాత కషాయం తాగుతూ మొహం చిట్లించి, "మీ నాయినమ్మకు చెప్పు, తాబేలు తాగింది. బెల్లం తక్కువైందంటున్నది" అన్నాడు. నేను చెప్పాను. "తాబేలుకు నాలిక శానా పెరిగింది" అన్నది నాయనమ్మ. మరునాడు మాత్రం బెల్లం ఎక్కువ వేసింది.

ఇంతలో అసలు తాబేలుకు నిజంగానే చలి కొట్టింది. ఆకు ముట్టడం మానేసింది. తల, కాళ్లు లోపలికి లాక్కుని రాయిలా పడి ఉండేది. ముక్కు దగ్గర వేలు పెడితే చాలాసేపటికి ఒక ఊపిరి తగిలేది. ఊరి వాళ్లంతా వచ్చి సలహాలు ఇచ్చారు, మా ఊళ్లో సలహాకు ఎప్పుడూ కరువు లేదు. ఒకాయన చిప్పకు నువ్వులనూనె రాయమన్నాడు. ఒకామె ఎల్లిగడ్డ నలిపి వాసన చూపించమన్నది. ఇంకొకాయన కోడిపెట్ట కింద పెట్టమన్నాడు. తాత అది కూడా చేశాడు. కోడి ఒక్కసారి కింద ఏముందో తల వంచి చూసుకుని, కెవ్వుమని లేచి, చింతచెట్టు ఎక్కి, పొద్దుగూకే దాకా దిగలేదు. నాయనమ్మ కుంపటి పంపింది. కుంపటి తాబేలు దగ్గరికి జరిపితే గడ్డి అంటుకుంది, తాత చేత్తో కొట్టి ఆర్పాడు, వేళ్లు కాలాయి. ఆ రోజు నాయనమ్మ తలుపు చాటు నుంచి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తాబేలును తిడుతున్నట్టే తిట్టింది గాని, తాబేలు మా ముత్తాత కొడుకు అని, దానికి మొదటి నుంచి బుద్ధి లేదని ఆ తిట్లలో రెండుమూడు చోట్ల వచ్చింది.

కాలిన వేళ్లతో కూర్చుని తాత ఒక పొద్దున పెంటకుప్ప వైపు చూశాడు. మా కొట్టం పక్కన, ఏడాది పొడుగునా ఎత్తిపోసిన పేడ, గడ్డి, బూడిద కలిసి పెద్ద కుప్ప ఉండేది. మంచు కురిసిన పొద్దుల్లో దాని మీద నుంచి సన్నగా పొగలు లేచేవి. తాత లేచి పోయి అందులో మోచేతి దాకా చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, అట్లాగే ఉండిపోయాడు. "పిల్లా, నువ్వు పెట్టి చూడు" అన్నాడు. పెట్టాను. లోపల వెచ్చగా, అప్పుడే పాలు పిండిన పొదుగులా ఉంది. ఆ రోజు నుంచి తాబేలు పడక అక్కడికి మారింది. కుప్ప పక్కన గుంత తవ్వి, గడ్డి పరిచి, గంపలో పెట్టి, పైన పలచగా కప్పి, ఊపిరికి సందు వదిలేవాడు. ఎండెక్కాక తీసి వాకిట్లో వదిలితే, అది మెల్లగా తల బయటపెట్టి, నాలుగు అడుగులు వేసి, మందారపువ్వు కొరికేది. తాత మొహం అప్పుడు చూడాలి. పంట ఇంటికొచ్చిన రోజు కూడా అంత వెలిగేది కాదు.

తాబేలుకు వెచ్చదనం దొరికింది, ఇక ముసలాయన ఇంట్లోకి వస్తాడని అందరం అనుకున్నాం. ఆయన మంచం ఎత్తుకుపోయి పెంటకుప్ప పక్కన వేసుకున్నాడు. కుక్కలు తవ్వుతాయట, కావలి ఉండాలట. అరుగుకు కనీసం పైన చూరు ఉంది, పెంటకుప్పకు ఆకాశమే. నీళ్లకు పోయే ఆడవాళ్లు ఆగి చూసి, "ఏందవ్వా, మీ ముసలాయన పెంటకాడ పండుకుంటుండు, ఇంట్ల జాగ లేదా?" అని అడిగేవారు. "జాగకేం, శానా ఉన్నది. ఆయనకే ఫికర్ లేదు" అని నాయనమ్మ బిందె దించకుండానే జవాబు చెప్పి, ఇంట్లోకి వచ్చి కొంగుతో కళ్లు తుడుచుకునేది. పొగ అనేది. పొయ్యి వెలిగించని వేళ కూడా పొగ అనేది. నేను ఒకసారి "పిలువరాదు నాయినమ్మా" అన్నాను. "పిలిస్తే అది గూడ వస్తది. అది వస్తే ఇల్లు పాడైతది" అన్నది. కట్టె లోపలికి తోసి, "ముసలోడు లేకపోతే మాత్రం ఏం బాగుంటది తియ్యి" అన్నది, నాతో కాదు, పొయ్యితో.

అప్పుడే యాసంగి, అంటే రెండో పంట, నాట్ల పని మొదలైంది. మడులకు పెంట తోలాలి. ఎప్పుడు తోలాలో అంతకుముందు తాత చెప్పేవాడు, ఆ ఏడు బాపు చెప్పాడు. చెప్పాడు గాని తాతతో చెప్పలేదు, మల్లయ్యతో చెప్పాడు. ఆ పొద్దున మంచు బాగా కమ్మింది, ఎండ రాలేదు కాబట్టి తాబేలును తీయకుండానే తాత గడ్డం చేయించుకోవడానికి మంగలి దగ్గరికి పోయాడు. ఆ వారం చలి పెరిగిందని గంప తీసేసి, వట్టి గడ్డి చుట్టి, తాబేలును ఇంకా లోపలికి పెట్టి ఉన్నాడు. ఖాళీ గంప మంచం మీద ఉంది. మల్లయ్య గంప చూశాడు, తాబేలును పెద్దాయన తీసుకుపోయాడనుకున్నాడు, పార అందుకున్నాడు. తాత నున్నగా గీసిన గడ్డంతో తిరిగొచ్చేసరికి కుప్పలో సగం లేదు. బండి రెండోసారి తిరిగి వస్తున్నది.

తాత అరవలేదు. అరిస్తే బాగుండేది. తాబేలు ఉన్న చోట ఇప్పుడు ఉన్న ఖాళీని చూశాడు, మల్లయ్యను చూశాడు. "గంప ఖాళీగ ఉంటే నువ్వే తీసినవనుకున్న పటేలా" అని మల్లయ్య ఏడుపు మొహం పెట్టాడు. తాత పొలం వైపు నడిచాడు. మఫ్లరు లేదు, కర్ర లేదు, చెప్పులు కూడా మరిచిపోయాడు. నేను వెనక ఉరికాను.

మడిలో పెంటను చిన్న చిన్న కుప్పలుగా పోసి ఉన్నారు, ఒడ్డు నుంచి ఒడ్డు దాకా. ఏ కుప్పలో ఉందో దేవుడికే తెలియాలి, ఆయన మా ఇంటికి వస్తానని ఎన్నడూ అనలేదు గదా. తాత మోకాళ్ల మీద కూర్చుని చేతులతో తవ్వడం మొదలుపెట్టాడు. బాపు సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చాడు, చేతిలో పారతో. "పార వద్దు. దానికి తాకుతది" అన్నాడు తాత. బాపు పార ఒడ్డు మీద పడేసి, తెల్ల ధోతితోనే పేడలో కూర్చున్నాడు. దసరా నుంచి ఒడ్డు మీద నిలబడి అందరికీ పని చెప్పిన మనిషి, కడిగిన బట్టల మీద మట్టి పడకుండా చూసుకునే మనిషి. తండ్రీ కొడుకులు పక్కపక్కనే తవ్వుతున్నారు. తాత ఊపిరి పిల్లనగ్రోవిలా కూస్తున్నది. మధ్య మధ్య ఆగి దగ్గేవాడు, చెయ్యి ఆనించుకుని లేచి ఇంకో కుప్ప దగ్గరికి పోయేవాడు. నాకు తాబేలు కంటే ఆ దగ్గుకే భయమేసింది.

నేను ఇంటికి ఉరికి నాయనమ్మకు చెప్పాను. ఆమె అప్పటికే వాకిట్లోనే ఉంది. "దొర్కిందా?" అన్నది. లేదన్నాను. "మీ తాత ఏమన్న తిన్నడా?" అన్నది, లేదన్నాను. నాయనమ్మ లోపలికి పోయి, ఉన్న పిండితోనే గబగబా రొట్టె తట్టి, కాల్చి, వెల్లుల్లి కారం అద్ది గుడ్డలో చుట్టి నాకిచ్చింది. "పో, తాబేలుకు..." అన్నది.

"తాబేలు లేదు గదా నాయినమ్మా" అన్నాను.

నాయనమ్మ మూట వెనక్కి తీసుకుని, ముడి విప్పి, మళ్లీ బిగించి కట్టింది. "మీ తాతకు ఇయ్యి. తినుమను. నేనే ఇచ్చిన్నని చెప్పు" అన్నది. అని, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

పొలంలో తాతకు ఆ మాట చెప్పాను. తాబేలుకు కాదు, నీకే ఇచ్చింది, తినమన్నది, అని. తాత తవ్వడం ఆపి తన చేతులు చూసుకున్నాడు, మోచేతుల దాకా పేడ. నేను ముక్కలు తుంచి నోట్లో పెట్టాను. నమిలి మింగుతుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "కారం ఎక్కువైంది" అన్నాడు. కారం ఎక్కువేం కాలేదు, తర్వాత నేనూ తిన్నాను.

"ఒక్క మాట అడిగితే ఏం పోతుండెరా?" అన్నాడు తాత, బాపు వైపు చూడకుండా.

"అడిగితే వద్దంటవనుకున్న నాయినా."

"వద్దంటుంటి. రేపు తోలు అంటుంటి. గంతే గదా."

"గంతే" అన్నాడు బాపు. చేతులు పేడలో పెట్టుకునే, "తప్పయింది. ఇంకోసారి అడగకుంట చెయ్య" అన్నాడు. బాపు నోటి నుంచి అట్లాంటి మాట నేను అంతకుముందు వినలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ అటు తిరిగితే, ఒడ్డు మీద, ఎండ పడిన చోట, తాబేలు తాపీగా గడ్డి కొరుకుతున్నది. మంచు విడిచి ఎండ వెచ్చగా కాసేసరికి అది తనంతట తనే కుప్పలోంచి నడిచి వచ్చింది. మల్లయ్య పారకు అది ఎట్లా తప్పించుకుందో నాకిప్పటికీ తెలియదు. దాని చిప్ప మీద పేడ చుక్క లేదు. మడిలో ఇద్దరు మగవాళ్లు తల నుంచి కాళ్ల దాకా పెంటతో నిండి ఉంటే, ఆ మహాతల్లి తల ఎత్తి మా వైపు చూసి, మళ్లీ గడ్డి కొరికింది. తాత దాన్ని ఎత్తి రొమ్ముకు ఆనించుకుని ఒడ్డు మీదే కూలబడ్డాడు. నవ్వు, దగ్గు, ఏడుపు అన్నీ ఒక్కసారే వచ్చాయి ఆయనకు. బాపు ఆయన వీపు రాస్తూ కూర్చున్నాడు.

తాబేలు వచ్చిన ఇల్లు పాడవుతుందన్న మాట గురించి కూడా చెప్పాలి, లేకపోతే మా నాయనమ్మకు అన్యాయం చేసినట్టవుతుంది. మా ఇల్లు తర్వాత ఎప్పుడో కూలిన మాట నిజమే. రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చినవాళ్లు కూలగొట్టారు, వాళ్లలో ఎవరికీ చిప్ప లేదు. ఇప్పుడు మా కరీంనగర్ ఇంట్లో ప్రతి గదికి ఒక హీటరు ఉంది, ఎవరి రగ్గు వారిది, ఎవరి తలుపు వారిది. ఒకరికి దగ్గొస్తే ఇంకొకరికి వినపడదు. వినపడినా ఎవరి మందు వాళ్ల గదిలోనే ఉంటుంది. మంచిదే, చలికి ఎవరూ చావరు. తాతలా తాబేలును పెంచితే ఇప్పుడు అటవీ శాఖ వాళ్లు వచ్చి పట్టుకుపోతారట, అది కూడా మంచిదే. నాకు మాత్రం చలికాలం రాగానే ఆ బెల్లం ఎక్కువైన కషాయం వాసన వస్తుంది. అట్లాంటి అబద్ధం చెప్పి నాకు కషాయం పంపే మనిషి ఇప్పుడు ఎవరూ లేరు, అందుకు బాధపడతాను.

పొద్దు వాలుతుండగా మేము ఇంటికొచ్చాం. బాపు కొట్టం వైపు పోయాడు. తాత అలవాటు ప్రకారం అరుగు దగ్గర ఆగాడు. గడప వైపు కూడా చూడలేదు. తాబేలును ఒళ్లో పెట్టుకుని, మంచం అరుగు మీదికి తెమ్మని నాకు చెప్పబోతుండగా నాయనమ్మ బయటికొచ్చింది. చేతిలో పొగలు కక్కే వేన్నీళ్ల చెంబు ఉంది. నేను నా పని గుర్తొచ్చి ఇద్దరి మధ్యలోకి పోయి నిలబడ్డాను, ఏం చెప్పమంటుందో అని. నాయనమ్మ నన్ను భుజం పట్టుకుని పక్కకు జరిపింది. తను కూడా గడప మీద నుంచి పక్కకు జరిగింది. తాత గీసిన గడ్డం మీద ఎండిన పేడను, చెప్పులు లేని కాళ్లను, ఒళ్లో ఉన్నదాన్ని చూసింది.

"నీయి రెండు, దానియి నాలుగు. ఆరు కాళ్లు కడుక్కొని లోపటికి రాండ్రి" అన్నది.

తాత చెంబు అందుకుని ముందు తాబేలు కాళ్లే కడిగాడు.